ఉమ్మినీటి కళ్లం

యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం. ఆయన జయంతి రోజైన జనవరి 12న గుంటూరులో చేసిన ప్రసంగపాఠం.



సుబ్బారావుగారి పేరు మీద ఉపన్యాసమంటే ఆయన పరిశోధనలతో ముడిపడ్డ ఫోలిక్ ఆమ్లం గురించో, మెథోట్రెక్సేట్ గురించో, బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ గురించో, ఆరియోమైసిన్ గురించో చెప్పాలి. అవన్నీ ఇక్కడున్న వైద్య విద్యార్థులకు కంఠతా వచ్చు. నేను ఉమ్మి గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఫోనులో కాసేపు ఉలకలేదు. తరవాత "శీర్షిక కాస్త మార్చి వేస్తామండీ" అన్నారు. ఆహ్వానపత్రంలో "లాలాజల గ్రంథులు, ప్రోటీన్ల పాత్ర" అని అచ్చయింది. మంచిదే. సంస్కృతంలో చెబితే ఉమ్మికి కూడా మర్యాద వస్తుంది.

తెలుగులో మాత్రం దానికి చోటును బట్టి పేరు. పసివాడి గడ్డం మీదికి జారితే చొంగ. పక్కవాడి కంచంలో పడితే ఎంగిలి. ఇంటికొచ్చిన చుట్టాన్ని భోజనానికి బతిమాలేటప్పుడు "కాస్త ఎంగిలిపడి వెళ్లండి" అంటాం, అప్పుడు అదే గౌరవం. గోంగూర పచ్చడి తలచుకుంటే నోరూరుతుంది, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చూస్తే నోరు పిడచగట్టుకుపోతుంది. ఈ రెండూ నరాలు చేసే పనే. నేను చెప్పబోయేది ఆ ఊరడానికి ముందు జరిగేది. ఊరవలసిన సరుకును కణం ఎలా తయారుచేసి, ఎలా పదిలపరుస్తుంది అన్నది.

పొద్దున చిలకలూరిపేట వైపు నుంచి బస్సులో వస్తుంటే రోడ్డుకు అటూ ఇటూ కళ్లాలు మొదలయ్యాయి. మొదటి కోత మిరప కాయ నేల మీద పరిచి ఉంది. పండుకాయలో నీరు ఎక్కువ, అలాగే మూట కడితే రెండు రోజుల్లో బూజు. అందుకే ఎండకు పోస్తారు, కాళ్లతో తిరగేస్తారు, తాలుకాయ ఏరి పక్కకు వేస్తారు, గలగలమన్నాక టిక్కీలనే గోతాలకు ఎత్తి మిర్చి యార్డుకు తోలతారు. ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీకి. అక్కడ అద్దె, కరెంటు, బ్యాంకు వడ్డీ, అవన్నీ మీకు తెలిసిన బాధలే. ఈ కళ్లాన్ని గుర్తుపెట్టుకోండి.

మన నోట్లోకి నీరు పంపే పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవుల ముందు ఒక జత, దవడ ఎముక కింద ఒక జత, నాలుక కింద ఒక జత. పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో చిన్న చిన్నవి వందల్లో ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది చెవి ముందుది, పెరోటిడ్ అంటాం. గవదబిళ్లలు వస్తే ఉబ్బేది అదే. చిన్నప్పుడు నాకు గవదలు లేస్తే మా నాయనమ్మ తన బంగారు గొలుసు తీసి నా మెడలో వేసింది. వారం తిరిగేసరికి వైరస్ తన దారిన తను పోయింది, పేరు గొలుసుకొచ్చింది.

రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లే. మిగిలిన ఆ ఒక్క పాలులోనే ఉంది అసలు సరుకు: పిండిపదార్థాన్ని విరగ్గొట్టే అమైలేజ్, ముద్దను జారేలా చేసే మ్యూసిన్లు, లవణాలు, ఇంకా చాలా. అన్నం ముద్ద ఎక్కువసేపు నమిలితే తియ్యబడుతుంది కదా, అది అమైలేజ్ పని. ఈ ప్రోటీన్లను కణం అప్పటికప్పుడు వండి వడ్డించదు. ముందే చేసి, పొరసంచుల్లో బిగించి, గ్రంథి నాళం వైపు వరసగా పేర్చి ఉంచుతుంది. పాఠ్యపుస్తకం ఈ సంచులను స్రావక కణికలు అంటుంది. కణం, కణిక అని పక్కపక్కనే వస్తే వినేవాళ్లు తికమకపడతారు కాబట్టి నేను గుళికలు అంటాను. ఎరువుల కొట్లో అమ్మే గుళికలు కావివి. ఆ కొట్టు సంగతి చివర్లో వస్తుంది.

ఒక్కో గుళిక అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఒక కణంలో అలాంటివి వందలు. నేను ఫిజియాలజీ పాఠం చెప్పినన్నాళ్లూ పెరోటిడ్ స్లైడు పిల్లలకు చూపిస్తూ ఒకటే చెప్పేవాణ్ణి: కేంద్రకం వైపు చూడకండి, ఎదుటి కొస చూడండి. అక్కడ గులాబిరంగులో ఇసక పోసినట్టు కనిపించేదే ఆ కణం ఆస్తి అంతా.

ఆ ఆస్తి ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరుతుందో మొదట దారి చూపినవాడు రుమేనియాలో పుట్టి అమెరికాలో పనిచేసిన జార్జి పలాడే. క్లోమం ముక్కలకు రేడియోధార్మిక అమైనో ఆమ్లాన్ని కొద్ది నిమిషాలు అందించి, తరవాత ఆ గుర్తు కణంలో ఏ గదిలోంచి ఏ గదిలోకి నడిచిందో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వెంబడించాడు. అందుకే 1974లో నోబెల్. ఆయన శిష్యుల్లో డేవిడ్ కాజిల్ అదే పని కుందేలు పెరోటిడ్‌లో చేసి, ఇక్కడా దారి అదేనని 1972లో చూపాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం మాత్రం అంతగా పేరు రానిది. 1971లో జేమ్స్ జేమీసన్, పలాడే కలిసి క్లోమంలో చేసింది. గుళిక మొదట పలచని సంచిగా పుడుతుంది. లోపల ప్రోటీను నీళ్లనీళ్లగా ఉంటుంది. తరవాత చిక్కబడి గట్టి ముద్దవుతుంది. ఈ చిక్కబడటానికి కణం ఏం ఖర్చుపెడుతోంది? నీరు బయటికి తోడే పంపు ఏదో నడుస్తూ ఉండాలి కదా! వాళ్లు కణానికి శక్తి అందకుండా ఆపి చూశారు. గుళిక చిక్కబడటం ఆగలేదు. శక్తి లేకుండా ఆగిపోయినవి వేరు: ఒకటి, ప్రోటీను తయారైన చోటి నుంచి ముందుకు కదలడం. రెండు, నిండిన గుళిక బయటికి ఒలకడం. మధ్యలో ఆరబెట్టడానికి మాత్రం ఎడతెగని ఖర్చు అక్కర్లేదు.

ఇదెలా సాధ్యం? లోపలి ప్రోటీన్లే ఒకదానితో ఒకటి అతుక్కుని, కాల్షియం లాంటి అయాన్ల తోడుతో గడ్డకడతాయి. విడివిడిగా ఉన్న వెయ్యి అణువులు నీటిని లాగినంతగా ఒక గడ్డ లాగదు. అందువల్ల నీరు తనంతట తనే బయటికి నడుస్తుంది. అంటే కణం నడిపేది కళ్లమే, కోల్డ్ స్టోరేజీ కాదు. ఎండ ఉచితం. ఇక తాలు ఏరివేత కూడా ఉంది. గుళిక ముదిరే దశలో మిగులు పొర, అక్కడ ఉండకూడని ప్రోటీన్లు చిన్న చిన్న బుడగలుగా తెగి పక్కకు వెళ్లిపోతాయి. మంచికాయ మిగులుతుంది.

జేమీసన్, పలాడే ఆపి చూసిన ఆ శక్తి పేరు మీరందరూ పదో తరగతిలో రాసిందే, ఏటీపీ. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు దాన్ని కండరంలో పట్టుకున్నది 1929లో. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే ఏడాది పట్టుకున్నాడు. మద్రాసులో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకుని, బోస్టన్ చేరిన భీమవరం మనిషి కొన్నేళ్లకు చేసిన పని అది. దానికి ఆయుధం అంతకుముందు 1925లో తయారుచేసుకున్నారు: ద్రవంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతి. ఫిస్కే సుబ్బారావు పద్ధతి అని నేటికీ అదే పేరు. గుళికల చుట్టూ ఉండే పొర ఎంతుందో తెలియాలంటే ఆ పొర కొవ్వులోని ఫాస్ఫరస్ కొలవాలి. దానికి 1959లో బార్ట్‌లెట్ రాసిన పద్ధతి లోకమంతా వాడింది, అందులో పోసేది సుబ్బారావుగారి కారకమే. ఆయన ఉమ్మి మీద పని చేయలేదు. ఉమ్మి మీద పని చేసినవాళ్ల బల్ల మీద ఆయన సీసా ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. గుళిక గట్టిపడింది, సరే. అన్ని గుళికలూ దాదాపు ఒకే సైజులో ఎందుకుంటాయి? పక్కపక్కనే ఒరుసుకుంటూ కూర్చున్న నూనె బొట్లు కలిసిపోతాయి కదా, ఇవెందుకు కలిసిపోవు?

గుళిక వెలుపలి పొరకు అంటుకుని రాబ్3డి అనే చిన్న ప్రోటీను ఉంటుంది. రాబ్ కుటుంబం పెద్దది, కణంలో ఏ సంచి ఎక్కడికి పోవాలో చూసుకునే కుటుంబం. రాబ్3డి గుళిక మీదే కూర్చుంటుంది కాబట్టి, దాన్ని బయటికి వదిలే తలుపు దగ్గర కాపలాదారు ఇదేనని చాలామంది అనుకున్నారు. నేనూ నాలుగైదేళ్లు అలాగే పాఠం చెప్పాను, ఆ బ్యాచీల వాళ్లెవరైనా ఇక్కడుంటే క్షమించాలి. జర్మనీలోని గట్టింగెన్ మాక్స్ ప్లాంక్ సంస్థలో ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టించారు. కాపలాదారు లేడు కాబట్టి ఒలకడం చెడిపోవాలి. 2002లో ఫలితం అచ్చయింది. ఒలకడం చక్కగా జరిగింది. ఎలుకలు హాయిగా తిన్నాయి, తిరిగాయి. మారింది ఒక్కటే. పెరోటిడ్‌లోనూ క్లోమంలోనూ గుళికలు లావెక్కాయి, ఘనపరిమాణం రెట్టింపైంది.

రెట్టింపు అంటే కంటికి రెట్టింపుగా కనిపిస్తుందని అనుకోకండి. గోళం ఘనపరిమాణం రెట్టింపైతే అడ్డుకొలత పెరిగేది నాలుగో వంతే. సూక్ష్మదర్శినిలో చూసేవాడు "కొంచెం పెద్దగా ఉన్నాయేమో" అనుకుని దాటేయగలడు. కొలిచినవాడికే తెలిసింది. కొలవడం అనే జబ్బు సుబ్బారావుగారికి ఉన్నదే.

ఆ పరిశోధకులు చెప్పిన అర్థం ఇది: గుళిక ముదిరే దశలో పక్క గుళికతో కలిసిపోకుండా రాబ్3డి ఆపుతూ ఉండవచ్చు. అంటే దాని కొలువు తలుపు దగ్గర కాదు, కళ్లంలో. మనం పేరు పెట్టుకున్న పని ఒకటి, అది చేస్తున్న పని మరొకటి. గుళికను గుళికగా ఉంచడమే ఒక ఉద్యోగమని, దానికంటూ ఒక ప్రోటీను ఉందని ఆ ఎలుకలు చెప్పాయి. నిల్వ అంటే ఏమీ జరగకపోవడం అనుకునే మనలాంటి వాళ్లకు అది చెంపపెట్టు.

ఒలికే సంగతి కాస్త వేగంగా చెబుతాను, గంట అవుతోంది. పెరోటిడ్‌కు రెండు రకాల నరాలు. ఒక రకం ముఖ్యంగా నీటిని వదులుతుంది, రెండోది ముఖ్యంగా గుళికలను. గుళిక పొర కణం పొరతో కలవాలంటే వాటి మీది స్నేర్ ప్రోటీన్లు పెనవేసుకోవాలి. గుళిక మీద వ్యాంప్ నుంచి ఒక పేట, కణం పొర మీద సింటాక్సిన్ నుంచి ఒకటి, స్నాప్23 నుంచి రెండు. నాలుగు పేటల తాడు. పత్తి దేశంలో పుట్టినవాళ్లకు పేనడం గురించి చెప్పేదేముంది! వ్యాంప్8 లేని ఎలుకల మీద సింగపూర్ పరిశోధకులు పని చేశారు. ఒక పేట లేక తాడు పడలేదు, గుళికలు కణంలోనే పేరుకుపోయాయి.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ తాడు పేనుకోవడానికి ఏటీపీ అక్కర్లేదు, దానంతట అదే బిగుసుకుంటుంది. పని అయ్యాక దాన్ని విప్పి, పేటలు మళ్లీ వాడుకోవడానికే ఏటీపీ కావాలి. విప్పే యంత్రం పేరు ఎన్‌ఎస్‌ఎఫ్, దాన్ని శుద్ధి చేసినవాడు జేమ్స్ రాథ్‌మన్, 2013 నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకడు. మనం పని చేయడానికి ఖర్చు రాసుకుంటాం. కణం సర్దుకోవడానికి రాసుకుంటుంది.

తాడు బిగిసి మూతి తెరుచుకున్నాక కూడా గుళిక తనంతట తను ఖాళీ కాదు. గ్రంథి నాళంలో ఒత్తిడి ఎంత ఉండగలదో 1851లోనే కార్ల్ లుడ్విగ్ కొలిచాడు, రక్తపోటును మించి! ఆ ఒత్తిడి ఎదురుతన్నితే తెరిచిన గుళిక లోపలికే ఉబ్బాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో రాబర్టో వైగర్ట్ బృందం బతికున్న ఎలుక గ్రంథిలోనే ఈ తంతును చూసి 2011లో రాసింది. మూతి తెరుచుకోగానే గుళిక చుట్టూ యాక్టిన్ వలలా అల్లుకుంటుంది, మయోసిన్ వచ్చి దాన్ని బిగిస్తుంది, అర నిమిషం అటూ ఇటూగా గుళిక నలిగి కణం పొరలో కలిసిపోతుంది. ఆ వలను మందుతో చెడగొడితే మూతి తెరిచిన గుళిక నలగకుండా బుడగలా ఉబ్బిపోయింది. టిక్కీ విప్పి రాశి పోసేటప్పుడు అడుగు పట్టుకుని దులిపేవాడు ఒకడుండాలని యార్డులో ముఠా కూలీలను అడిగితే చెబుతారు.

మనవైపు మనుషులు గుళికల మీద పెట్టే బరువు మామూలుది కాదు. కారం సంగతి తెలిసిందే: కాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తడుతుంది, మెదడు నిజంగా నోరు కాలిందనుకుని నీళ్లు పంపమంటుంది. ఆ గ్రాహకాన్ని 1997లో పట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పచ్చడి ముద్దలో నెయ్యి వేసే మన అలవాటు వెనక రసాయనం ఉంది.

వక్క సంగతి అంతకన్నా చిత్రం. వగరుకు కారణమైన టానిన్లు ప్రోటీన్లను పట్టి కూర్చుంటాయి. వాటికి ఎదురుగా పెరోటిడ్ తన గుళికల్లో ప్రోలీన్ దండిగా ఉన్న ప్రోటీన్లను పంపుతుంది, టానిన్లు వాటిని కరుచుకుని మిగతావాటిని వదిలేస్తాయి. 1983లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకలకు టానిన్ ఎక్కువున్న జొన్న పెట్టారు. మూడంటే మూడు రోజుల్లో పెరోటిడ్ పెరిగింది, ఆ ప్రోటీన్లు పది రెట్లు దాటాయి. తిండి మారితే గుళికలో సరుకు మారుతుందన్నమాట. ప్రకాశం పల్లెల్లో పెద్దలు తిన్న జొన్నలు ఎక్కువగా తెల్లవీ పచ్చవీ కాబట్టి వాళ్లకు అంత టానిన్ లేదు, వక్కే ఆ లోటు తీర్చింది.

చివరికి ఎరువుల కొట్టు సంగతి.

1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేసింది. కొట్టిన మందు మళ్లీ కొట్టారు, మందులు కలిపి కొట్టారు. పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రమంతా మాట్లాడుకున్న కాలమది. నేనప్పుడు ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్ని. తాగి వచ్చినవాళ్లు ఉండేవారు, తాగకుండానే వచ్చినవాళ్లూ ఉండేవారు. ఒక రాత్రి వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. గాలికి ఎదురుగా నిలబడి పొద్దుటి నుంచీ మోనో అనే పురుగుమందు కొట్టాడు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. తలగడ అంతా చొంగ. కనుపాపలు ఆవగింజంత. ఊపిరి తీస్తే రొమ్ములో గురగుర. వాళ్లన్న తువ్వాలుతో నోరు తుడుస్తూనే ఉన్నాడు, తుడిచేకొద్దీ వస్తోంది.

నరం కొస నుంచి వచ్చిన ఎసిటైల్‌కోలిన్‌ను క్షణంలో వెయ్యోవంతులో విరిచేసే ఎంజైమ్ ఒకటుంది. పురుగుమందు దాన్ని పట్టేస్తుంది. అప్పుడు "నీళ్లు వదులు" అన్న మాట ఆగదు. అందాక నేను చెప్పిన గుళికలు, తాళ్లు, వలలు అన్నీ కణం లోపలి కట్టుదిట్టాలు. ఆపు అనే మాట మాత్రం కణం బయట ఉంది, అదే పోయింది. ఆ కుర్రాడి నోట్లోంచి కారింది ఎక్కువగా నీరే. ఊపిరితిత్తుల్లో ఊరిన నీరు ప్రాణం తీస్తుంది.

విరుగుడు అట్రోపిన్. నాకిచ్చిన పని మంచం పక్కన స్టూలు వేసుకుని నాడి చూడటం, రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టడం, గురగుర తగ్గకపోతే మోతాదు రెట్టింపు చేయడం. తెల్లారేసరికి పళ్లెంలో పగిలిన గాజు ఆంప్యూళ్లు గుట్ట. నాలుగున్నరకో ఎప్పుడో కుర్రాడు కళ్లు తెరిచి, "సార్, నోరు పిడచగట్టుకుపోతోంది, కాసిని నీళ్లు" అన్నాడు. ఆ మాట విన్నంత సంతోషం నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఈ సభలో డాక్టర్ల కంటే వ్యవసాయదారుల పిల్లలే ఎక్కువ. అందుకని ఒక్క మాట అడుగుతాను, ఇంటికెళ్లి పెద్దవాళ్లకు చెప్పండి. మందు కొట్టిన రోజు నోట్లో నీళ్లు మామూలుకు మించి ఊరినా, చూపు మసకబారినా, చెమటలు పట్టి కండరాలు అదిరినా, మజ్జిగ తాగి పడుకోవద్దు. బలవంతంగా కక్కించవద్దు. తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు మందు డబ్బా, లేబుల్‌తో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. ఏ మందో తెలిస్తే స్టూలు మీద కూర్చునే హౌస్ సర్జన్‌కు సగం పని తగ్గుతుంది.